కాడ్మియం అనే చెప్పు

కర్నూలు,
శివరాత్రి ముందటి వారం

రెహమాన్‌కు,

ఇనుప సామానుకు పూత వేసే మీ షెడ్డులో ఆ కాడ్మియం తొట్టె పక్కన అన్నేళ్లు నిలబడినందుకేనా మీ నాగరాజన్న కిడ్నీలు చెడిపోయాయి?

ఈ ప్రశ్న నాలో ఏళ్లుగా ఉంది. డాక్టరును అడిగాను. అయి ఉండవచ్చు, కాకపోవచ్చు అన్నాడు. బీపీ ఉంది, నడుము నొప్పికి ఏళ్ల తరబడి బిళ్లలు మింగారు, అందులో ఏది ఎంత చేసిందో ఎవరూ విడదీసి చెప్పలేరన్నాడు. మీ అన్నను అడిగితే నవ్వి పక్కకు తిరిగి పడుకుంటారు. నేను కాలేజీలో చరిత్ర చెబుతాను. ఏ యుద్ధానికైనా బోర్డు మీద కారణాలు ఒకవైపు, ఫలితాలు ఒకవైపు రాయిస్తాను. నా ఇంటి సంగతికి వచ్చేసరికి ఒకవైపు ఖాళీగానే ఉంది.

ఆసుపత్రి వరండాలో నిన్ను ఇక రావద్దన్న తర్వాత మనం మాట్లాడుకోలేదు. ఇప్పుడు కూడా జవాబు కోసం రాయడం లేదు. నువ్వు ఏం రాసినా నమ్ముతానో లేదో నాకే తెలియదు కాబట్టి రాయవద్దు. ఈ మాట దాచిపెట్టి మొదలుపెడితే తర్వాత రాసేదంతా బొంకులా ఉంటుందని రాశాను.

పని ఇది. బేతంచెర్ల గనుల యజమాని దగ్గర మూలబడి ఉంటే మీ అన్న తెచ్చుకున్న పాత జర్మనీ కారు నీకు గుర్తుండే ఉంటుంది. పెళ్లయినప్పటి నుంచీ దాన్ని విప్పడమే గాని బిగించింది నేను చూడలేదు. ఇప్పుడు వారంలో సగం రోజులు డయాలసిస్ మంచం మీద గడుస్తుంటే, ఉన్నట్టుండి దాని ఆల్టర్నేటర్ మీదికి ధ్యాస మళ్లింది. ఇంజను తిరుగుతుంటే కరెంటు పుట్టించేది అదేనట కదా. దాని ఫ్యాను, పుల్లీ, పొడవాటి బోల్టులు, నట్లు, వాషర్లు, అన్నీ గనుల తెల్లదుమ్ము పట్టి, తుప్పు తిని ఉన్నాయి. అవి కంపెనీ నుంచి వచ్చిన రోజున ఏ పూతతో ఉన్నాయో అదే పూత కావాలట. కాడ్మియం, దాని మీద పసుపు రంగు. అది రెహమాన్ ఒక్కడే వేయగలడు అంటారు. "నా చెయ్యి వణుకుతాంది, నువ్వే రాయి వానికి. చీటీ లేకుండా డబ్బా పంపొద్దు" అన్నారు. సరుకుతో పాటు చీటీ ఉండాలన్నది మీ ఇద్దరి పాత పద్ధతి కదా. ఇదే ఆ చీటీ అనుకో.

ఆయన చెప్పమన్నది చెప్పాను. ఇక నేను అడిగేది వేరు. ఆ తొట్టెను తెరవవద్దు. జింకు పూత వేసి, దాని మీదే పసుపు రంగు ఎక్కించి పంపు. చూడటానికి ఒకేలా ఉంటాయట. ఆయనకు నేను కాడ్మియం అనే చెబుతాను. నువ్వు కూడా ఎప్పుడైనా చెప్పవలసి వస్తే కాడ్మియం అనే చెప్పు. ఆ విషం మళ్లీ నా ఇంటి గడప దాటి రావడం నాకిష్టం లేదు. ఆయన అడిగింది కాదనడం కూడా నావల్ల కావడం లేదు.

పని గురించి రాయవలసింది ఉంటే కాలేజీ చిరునామాకు పంపు. బస్టాండు పార్సిల్ కౌంటరు నుంచి డబ్బా నేనే తెచ్చుకుంటాను. ఇంటికి రావద్దు.

చౌడేశ్వరి

•

కడప,
శివరాత్రి వెళ్లిన తర్వాత

వదినకు రెహమాన్ నమస్కారాలు.

డబ్బా చేరింది. చీటీ రెండుసార్లు చదివినాను. రాయవద్దన్న ప్రశ్నకు జవాబు రాయడం లేదు.

పుల్లీ మీద తుప్పు లోతుగా ఉంది కాని ఇనుము గట్టిదే. ఫ్యాను రెక్కలు రెండు వంగినాయి, సరిచేస్తాను. మీరు అడిగినట్లే జింకు వేస్తాం. 'వేస్తాం' అని ఎందుకన్నానంటే తొట్టె దగ్గర ఇప్పుడు నేను కాదు, నా కూతురు రుఖియా ఉంటుంది. చేతులకు మోచేతి దాకా తొడుగులు, ముఖానికి మాస్కు, గోడకు పెద్ద ఫ్యాను, అన్నీ పెట్టించింది. లుంగీ ఎగ్గట్టి వట్టి చేతులతో ముంచి తీసిన మా కాలం గురించి చెబితే, "మీ ఇద్దరికీ ఎవరూ చెప్పలేదా, చెప్పినా వినలేదా" అంటుంది.

ఒక మాట మీరు తెలుసుకోవాలి. కంటికి రెండూ ఒకేలా ఉండవు. జింకు మీద పసుపు తళతళలాడుతుంది, అంచుల్లో గులాబీ, పచ్చ ఛాయలు ఆడతాయి. కాడ్మియం మీద అయితే మెత్తగా, మగ్గిన రంగులా ఉంటుంది. మెరుపు మందు వేయకుండా జింకు ఎక్కిస్తే కొంతవరకు ఆ మగ్గు వస్తుంది. అది చేయిస్తాను. అయినా కన్ను మోసపోయినంత సులభంగా వేలు మోసపోదు. కాడ్మియం వేసిన బోల్టు మీద నట్టు తిప్పితే వెన్నలో దిగినట్టు దిగుతుంది. జింకు మీద కాస్త పట్టి పట్టి పోతుంది. అన్న నట్టు చేతికి తీసుకోకుండా చూసుకోండి.

పూత ఆరేదాకా రుఖియా ఎవరినీ తాకనివ్వదు. పచ్చి పూత పాలమీగడ లాంటిది. ఆరిన తర్వాతే పంపుతాం.

తొట్టె తెరవవద్దని రాసినారు. దాని గురించి ఇప్పుడు వద్దు వదినా.

అన్నను చూడటానికి రావచ్చా? ఊరికే వచ్చి, వాకిట్లో నిలబడి పోతాను.

రెహమాన్

•

కర్నూలు,
ఉగాది దాటి మూడో వారం

రెహమాన్,

నువ్వు పంపిన డబ్బా చేరింది. అందులో ఉన్నవాటిని నేను పాడు చేశాను.

డబ్బా వచ్చిన రోజు కర్నూలులో ఈదురుగాలి, వడగళ్ల వాన. పార్సిల్ కౌంటరు రేకుల సందులోంచి కారి అట్టపెట్టె నానిపోయింది. ఇంటికి తెచ్చి విప్పితే లోపల కాగితాలన్నీ తడి. తుప్పు పడుతుందేమోనని నాకు భయం వేసింది. మరునాడు ఎండ మళ్లీ మామూలే. మిద్దె మీద మీ ఊరి నల్లబండలు పరిచి ఉన్నాయి కదా, అప్పటికే వాటి మీద గుమ్మడి వడియాలు పెట్టి ఉన్నాను. వాటి పక్కనే పాత చీర పరిచి, నీ ఫ్యాను, పుల్లీ, బోల్టులు అన్నీ వరుసగా ఆరబెట్టి కాలేజీకి పోయాను. సాయంత్రం వచ్చేసరికి వడియాలు బాగానే ఎండాయి. నీ పసుపు రంగు మాత్రం వెలిసిపోయి, జ్వరం తగ్గిన మనిషి ముఖంలా అయింది. పుల్లీని వేలితో రుద్దితే పొడి రాలింది.

దాచిపెట్టేద్దామనుకున్నాను. ఆయన పిలిచారు, ఇంకా రాలేదా అని. తీసుకుపోయి ఒళ్లో పెట్టాను. వెలుతురు కోసం కిటికీ వైపు తిప్పి చూశారు.

"యాడ పెట్టినావు వీటిని?"

"మిద్దె మీద."

"బండ మీదనా?"

నేను తలూపాను. ఆయన నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు దగ్గుగా మారి, దగ్గు ఆగి, మళ్లీ నవ్వు. "శానా మంచి పని చేసినావే. వాళ్లు తొట్టెలో ముంచి తీస్తే నువ్వు పెనం మీద కాల్చినావు" అన్నారు. పూత చల్లగా, నీడన ఆరాలట, మన ఎండకు మన బండ కాలితే పసుపులోని తేమంతా పోయి పగిలిపోతుందట. రెహమాన్‌కు రాయి, గుమ్మడి వడియాలు కూడా ఒక పొట్లం కట్టి పంపు, అవైనా సరిగ్గా వచ్చినాయని చెప్పు అన్నారు. అందుకే ఈ డబ్బాలో వడియాలు కూడా ఉన్నాయి.

ఆయన అట్లా నవ్వి ఎన్నాళ్లయిందో. నాకు నవ్వు రాలేదు. నవ్వుతున్నంతసేపూ ఆయన మెడ నరాలనే చూస్తూ కూర్చున్నాను.

మళ్లీ పూత వేసి పంపండి. ఈసారి కూడా జింకే. ఎండిపోయిన పూతలో ఏది ఏదో ఆయన పోల్చలేకపోయారని నా నమ్మకం. కాడ్మియం గురించి ఒక్క మాటా అనలేదు.

ఆయన బాగానే ఉన్నారు. రావడం గురించి ఎండలు తగ్గాక చూద్దాం.

చౌడేశ్వరి

•

కడప,
మే నెల

వదినకు,

వడియాలు చేరినాయి. రుఖియా వేయించి పెట్టింది. అన్న అన్నది నిజమే, అవి సరిగ్గా వచ్చినాయి.

మీరు మనసు కష్టపెట్టుకోవద్దు. పాత పూత యాసిడ్‌లో తీసి మళ్లీ వేయడం పెద్ద పని కాదు. కొత్తలో మేమిద్దరం కూడా ఇదే చేసినాం. మా షెడ్డు ముందు అరుగు కూడా ఆ బండే కదా. వేంపల్లె నుంచి వచ్చిన ఒక జీపు సామాను మొత్తం దాని మీద ఎండబెట్టి, జీపు ఆసామి చేత నోటికి వచ్చిన తిట్లన్నీ తిన్నాం. అన్న ఎదురు మాట్లాడకుండా నిలబడి, ఆయన పోయినాక, "ఏమప్పా రెహమానూ, మన ఊరి బండ మన పనికి పగది" అన్నాడు. అన్న చెప్పలేదా మీకు? ఆయన ఏవీ చెప్పడు.

రాయవద్దన్నారు గాని వదినా, నేను ఒకటి రాస్తాను. అది మీ ప్రశ్నకు జవాబు కాదు. పోయిన నెల రుఖియా నన్ను బలవంతంగా తీసుకుపోయి రక్తం, మూత్రం అన్ని పరీక్షలూ చేయించింది. నాకు ఏమీ లేదు. కిడ్నీలు పడుచువాడి కిడ్నీల్లా ఉండాయని డాక్టరు అన్నాడు. రుఖియా సంతోషంతో దర్గాలో చాదర్ కప్పి వచ్చింది. నేను ఇంటికి వచ్చి ఆ కాగితాన్ని పెట్టె అడుగున పెట్టినాను. తొట్టెకు దగ్గర నిలబడింది నేను. అన్న ఎక్కువగా బల్ల దగ్గర, విప్పడం బిగించడం చేసేవాడు. అదే గాలి, అదే నీళ్లు, అదే అన్నం క్యారియర్. నాకు పట్టనిది అన్నను ఎట్లా పట్టింది? పట్టి ఉంటే నన్నెందుకు వదిలిపెట్టింది? రాయి మాదిరి నిలబడి ఉండాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

పరీక్ష కాగితం చూస్తే మీకు ఊరట కలుగుతుందో కోపం వస్తుందో తెలియక చాలా రోజులు రాయలేదు.

ఎండలు తగ్గే రోజులు దగ్గర పడుతున్నాయి వదినా.

రెహమాన్

•

కర్నూలు,
జూన్ చివర

రెహమాన్,

నీ ఉత్తరం చదివి కోపం వచ్చింది. నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. మొదట కోపం, తర్వాత ఆ కోపం మీద కోపం. నీకు కూడా ఏదో ఒకటి వచ్చి ఉంటే నా ప్రశ్నకు జవాబు దొరికేది కదా అనిపించింది. ఒక మనిషి ఆరోగ్యంగా ఉన్నాడని తెలిసి ఇట్లా అనుకోగలిగే దాన్నని నాకు తెలియదు. పోనీ నీకు ఏమీ లేదు కనుక తొట్టె తప్పు కాదని అనుకుందామా అంటే, ఒకే జ్వరంలో ఇంట్లో ఒకరు పోయి ఒకరు బతికిన సంగతులు నేనే పిల్లలకు పాఠం చెబుతుంటాను. ఏమీ తేలలేదు.

రెండో డబ్బా భద్రంగా చేరింది. విప్పగానే నేను కూడా కాసేపు చూస్తూ ఉండిపోయాను. మెరుపు తగ్గించి నువ్వు చేయించిన రంగు, పాత ఇత్తడి మీద దీపం వెలుగు పడినట్టు ఉంది. ఈసారి నీడనే ఉంచాను.

నట్టు ఆయన చేతికి ఇవ్వవద్దన్నావు. ఇవ్వకుండా ఉండటం కుదిరే పనా? ఆయన అడిగే మొదటిది అదే అని నాకు తెలుసు. అందుకని నాకు తోచిన ఉపాయం ఒకటి చేశాను. కుట్టుమిషన్‌కు వేసే నూనె ఒక్కో చుక్క బోల్టుల మరలకు రాసి, పైకి కనపడకుండా గుడ్డతో తుడిచాను. నట్టు తిప్పి చూస్తే జారిపోయింది. వెన్నలో దిగినట్టే.

మధ్యాహ్నం ఆయన కాస్త తేరుకున్నాక పళ్లెంలో పెట్టి తీసుకుపోయాను. ఇప్పుడు చూపు కూడా మసకగా ఉంది. ఫ్యాను రెక్కలన్నీ వేళ్లతో తడిమారు. పుల్లీని చెంపకు ఆనించుకున్నారు. తర్వాత పొడవు బోల్టు ఒకటి తీసుకుని నట్టు ఎక్కించి, చూపుడువేలితో మెల్లగా తిప్పారు. సగం దాకా పోనిచ్చి ఆగారు. ఆ వేలిని బొటనవేలితో రుద్దుకున్నారు. ముక్కు దగ్గరకు తీసుకుపోలేదు, కాని దుప్పటి అంచుకు మెల్లగా తుడుచుకున్నారు. కొత్తగా పూత వేసి వచ్చిన బోల్టుకు నూనె ఉండదని ఆ క్షణంలో నాకు తెలిసింది. ఉండకూడదు కదా?

నేను నిలబడే ఉన్నాను. ఏమంటారోనని ఒళ్లంతా చెవులు చేసుకున్నాను. ఆయన నట్టును చివరిదాకా తిప్పి, బోల్టును పళ్లెంలో పెట్టి, "బాగా చేసినాడు. వానికి రాయి, తొట్టె తెరిచినందుకు నాకు శానా సంతోషంగా ఉండాదని రాయి" అన్నారు.

అన్నది అన్నట్టు రాశాను. నమ్మి అన్నారా, నా కోసం అన్నారా? ఆ దుప్పటి ఉతికితే నూనె మరక పోలేదు. అందుకని అది నా భ్రమ కాదని మాత్రం తెలుసు.

కొంచెం నీరసంగా ఉన్నారు. వానలు పడితే తేరుకుంటారు. అప్పుడు రమ్మని నేనే రాస్తాను.

చౌడేశ్వరి

•

కడప,
బక్రీదు తర్వాత

వదినకు,

అన్న ఆ మాట అన్నాడని చదివి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. షెడ్డులో ఉండలేక పెన్న ఒడ్డుకు పోయి కూర్చున్నాను. రుఖియా వెతుక్కుంటూ వచ్చింది. ఏమైంది నాయనా అని అడిగితే, ఇంటికి పోదాం పద అన్నాను.

ఆల్టర్నేటర్ బిగించాలంటే బేరింగులు ఎక్కించాలి, తీగల చుట్లు చూడాలి. అన్న చేత ఇప్పుడు కాదు. ఆయన మంచం పక్కన కూర్చుని ఆయన చెబుతుంటే నేను బిగిస్తాను. అది తప్ప నాకు వేరే ఆశ లేదు. వచ్చే శుక్రవారం నమాజు కాగానే బస్సు ఎక్కుతాను. మీరు వద్దంటే తప్ప.

వద్దనవద్దు వదినా.

రెహమాన్

•

కర్నూలు,
బుధవారం

రెహమాన్,

ఈ శుక్రవారం రావద్దు. డాక్టరు ఎవరినీ కలవనివ్వవద్దన్నాడు. ఇన్ఫెక్షన్ భయం, అంతే. కంగారు పడవలసింది ఏమీ లేదు. పై నెలలో రా.

చౌ.

•

కడప,
శ్రావణ మాసం

వదినకు,

ఎట్లా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చింపేసినాను.

అన్న పోయిన సంగతి మీరు రాయలేదు. బేతంచెర్ల నుంచి బండలు తెచ్చే లారీ డ్రైవరు మహానంది చెప్పినాడు. వాళ్ల లారీ లైట్లు కూడా అన్న బాగుచేసినవాడే కదా. చెప్పిన రోజే బయలుదేరి వచ్చినాను. అది మీకు తెలియదు. మీ వీధి మలుపులో, ఇస్త్రీ బండి పక్కన నిలబడినాను. పాడె నా ముందు నుంచి పోయింది. టోపీ తీసి చేతిలో పట్టుకుని కొంచెం దూరం వెనకాల నడిచినాను. మీరు రావద్దన్నది ఇంటికి. వీధికి కాదు అనుకున్నాను. తప్పయితే మన్నించండి.

మీరు బుధవారం రాసిన చీటీ నాకు చేరేసరికే అన్నకు స్పృహ లేదని తర్వాత తెలిసింది. దాని గురించి మిమ్మల్ని అడగను.

నేను దాచింది ఒకటి ఉంది. అన్న చెప్పవద్దన్నాడు కాబట్టి దాచినాను. ఇప్పుడు ఆయన లేడు, మీకు చెప్పకపోతే అది నాతో మట్టిలోకి వస్తుంది.

వదినా, నా షెడ్డులో కాడ్మియం తొట్టె లేదు. ఎన్నో ఏళ్లుగా లేదు. అన్నకు జబ్బని తెలిసిన కొత్తల్లో, మీరు నన్ను వరండా నుంచి పంపేసిన వారానికి, అన్న ఫోన్ చేసినాడు. "తొట్టె తీసెయ్. రుఖియా ఆడ తిరుగుతాంటాది" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట లేదు, నన్ను ఒక్క మాట అనలేదు. ఆ విషం తీసుకుపోయే కంపెనీ వాళ్లను పిలిపించి అప్పగించి, తొట్టె పగలగొట్టించినాను. కాబట్టి మీరు కాడ్మియం తెరవవద్దని రాసిన రోజున తెరవడానికి నా దగ్గర ఏమీ లేదు. అది అన్నకూ తెలుసు.

మీ మొదటి డబ్బా రావడానికి ముందు అన్న మళ్లీ ఫోన్ చేసినాడు. డయాలసిస్ దగ్గర పక్క మంచం ఆయన ఫోను. "మీ వదిన రాస్తాది. కాడ్మియం కావాలని రాస్తాది. లేదని చెప్పొద్దు. ఏదో ఒకటి వేసి పంపు, జవాబు మాత్రం రాయి" అన్నాడు. ఎందుకన్నా ఈ నాటకం అని అడిగినాను. అప్పుడు చెప్పినాడు. ఆ మాటలు మార్చకుండా రాస్తున్నాను.

"నేను పోతే ఆ ప్రశ్న పట్టుకుని ఒక్కతే కూచుంటాది రా. తిట్టుకోవడానికైనా ఎదురుగా ఒక మనిషి ఉండల్ల గదా."

నేను అడిగినాను వదినా. నీకేమనిపిస్తాదన్నా, తొట్టె వల్లనేనా అని. "డాక్టరుకే తెలీదు, నాకేం తెలుసు" అన్నాడు. ఫోను వాళ్లది, ఇచ్చేయాల అన్నాడు.

ఆల్టర్నేటర్ ఇంకా ముక్కలుగానే ఉండి ఉంటుంది. అన్న మొదలుపెట్టించిన పని. మీరు ఒప్పుకుంటే వచ్చి బిగించి, కారులో పెట్టి, ఒక్కసారి ఇంజను తిప్పి వెళ్లిపోతాను. మంచినీళ్లు కూడా అడగను. తిట్టాలనిపిస్తే తిట్టండి. దానికోసమే అన్న నన్ను పెట్టి పోయినాడు.

రెహమాన్

•

కర్నూలు,
వినాయక చవితి వెళ్లిన ఆదివారం

రెహమాన్,

నీ ఉత్తరం అందిన రోజు మూడో గంటకు క్లాసు ఉంది. స్టాఫ్ రూములో చదివి, క్లాసుకు పోయి, హాజరు పిలిచి, ఇంకేమీ చెప్పకుండా కూర్చున్నాను. పిల్లలు కొంతసేపు ఎదురుచూసి, తర్వాత మెల్లగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. వారించలేదు.

మీరిద్దరూ కలిసి నన్ను మోసం చేశారని ఒక రోజంతా అనుకున్నాను. నేను ఆయన్ను మోసం చేస్తున్నానని దొంగలా మిషను నూనె రాస్తుంటే, ఆయన నా చేతి కదలికలన్నీ తెలిసి పడుకుని ఉన్నారు. కాడ్మియం కాదని తెలుసు, నువ్వు చెప్పవని తెలుసు, నేను చెప్పలేనని తెలుసు. "తొట్టె తెరిచినందుకు సంతోషం" అన్నప్పుడు ఆ మాట ఎవరికి అన్నారు? లేని తొట్టెకు ఎవరైనా సంతోషిస్తారా? మరునాడు ఆ కోపం నిలవలేదు. ఆ స్థానంలో వచ్చిన దానికి నాకు పేరు తెలియదు.

ఒక సంగతి నువ్వు అడగనన్నావు, నేనే చెబుతాను. ఆ బుధవారం ఆయనకు స్పృహ లేదు. ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని ఆ చీటీ రాశాను. అంతకు ముందు వారం స్పృహ ఉన్నప్పుడు, రెహమాన్ ఎప్పుడొస్తాడు అని అడిగారు. వస్తాడు అన్నాను. నిన్ను రమ్మని రాయలేదు. రానివ్వనంత ద్వేషం ఉందా అంటే, ఆ క్షణంలో అదేమీ లేదు. నువ్వు వస్తే ఆయన నిన్ను చూసి సంతోషిస్తారు, ఆ సంతోషాన్ని నేను పక్కన నిలబడి చూడాలి. అది చూశాక నా ప్రశ్న అడిగే హక్కు నాకు ఉండదనిపించింది. ఇదొక్కటే నాకు తెలిసిన కారణం. ఇంకేదైనా ఉంటే అది నాకూ తెలియదు.

నువ్వు పాడె వెనక నడిచిన సంగతి మా వీధిలో ఇస్త్రీ చేసే ఓబులమ్మ చెప్పింది. "టోపీ తీసి చేతిలో పట్టుకుని ఏడ్చుకుంటా పోయినాడమ్మా ఎవురో సాయిబు, మీవాళ్లా?" అని అడిగింది. అవును అన్నాను. ఆ మాట నోటినుంచి రావడానికి ఆలస్యం కాలేదు. దానికి నేనే ఆశ్చర్యపోయాను.

ఆల్టర్నేటర్ ముక్కలు ముందు గదిలో బల్ల మీద ఉన్నాయి. రోజూ దుమ్ము తుడుస్తాను. నువ్వు చెప్పినట్టు వచ్చి బిగిస్తే కారు కదులుతుంది. కారు కదిలితే ఆయన తలపెట్టిన పని పూర్తవుతుంది. పూర్తి కావాలని ఆయన నిజంగా కోరుకున్నారా? కారు బాగుచేసుకునే మనిషైతే ఇన్నేళ్లలో చేసుకునేవారు కదా. మనం ఒకరికొకరం రాసుకోవడానికే ఆ ముక్కలు పంపారని నువ్వంటున్నావు. అట్లయితే అవి బిగించిన రోజున నీకు రాయడానికి నాకేం మిగులుతుంది?

ఆయన నిన్ను క్షమించి నాకు అప్పగించారని ఒక పూట అనుకుంటాను. నిన్ను నిందించమని నాకు వదిలిపెట్టి పోయారని ఇంకో పూట. మన ఇద్దరి మీదా జాలిపడ్డారేమోనని కూడా అనిపిస్తుంది. ఏది నిజమో అడగడానికి ఆయన లేరు, ఉన్నా నవ్వి పక్కకు తిరిగేవారు.

ఆ తొట్టె ఆయన్ను చంపిందా లేదా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. ఇక తెలిసే దారి కూడా లేదు. అంతవరకు ఒప్పుకున్నాను. కాని నిన్ను రమ్మని రాయాలా, వద్దని రాయాలా అన్నది నా చేతిలోనే ఉంది, అది కూడా తేల్చుకోలేకపోతున్నాను. నువ్వు గుమ్మంలో నిలబడితే లోపలికి రా అంటానో, తలుపు వేసుకుంటానో, నీ ముందు కూర్చుని ఏడుస్తానో నాకు తెలియదు. తెలిసినట్టు రాయడం నావల్ల కాదు.

వదిన